పడుకుంటే వచ్చే ఆయాసం

నేను చెప్పేది ఇంతవరకూ ఎవరూ వినిపించుకోలేదు. చెవిన పడలేదని కాదు. ఈ రంగంలో, అదే రంగూనులో, ఉన్న మన తెలుగువాళ్లలో నా గోడు చెవిన పడనివాళ్లు తక్కువ. ధర్మాసుపత్రి కమిటీవారికి చెప్పాను. పఠనమందిరం కార్యదర్శిగారికి చెప్పాను. ఆయన నన్ను కాలు విరిగిన బెంచీ మీద కూర్చోబెట్టి, తన కుర్చీలో తాను కూర్చుని, నేను మాట్లాడుతున్నంతసేపూ పత్రిక తిరగేసి, చివరికి "మంచిదండీ" అన్నారు. ఏది మంచిదో చెప్పలేదు. నాకంటే వెనక వచ్చినవాళ్లకి టీ తెప్పించారు, నాకు తెప్పించలేదు. మా కులపెద్దలకి చెప్పాను. "పోయినోడు పోనాడు, పెద్దోలతోటి మనకేలరా?" అన్నారు. ఒక పత్రికాయన దగ్గరికి వెళితే, మాట అర్థం గురించిన తగాదా అయితే పండితుల దగ్గరికి పొమ్మన్నాడు.

అవును, ఇది ఒక మాట అర్థం గురించిన తగాదానే. అందుకు నేను సిగ్గుపడను. ఆ మాట సరిగా చెప్పి ఉంటే మా బావని ఆసుపత్రిలో కూర్చోనిచ్చేవారు. కూర్చోనిచ్చేవారు అన్నాను. బతికేవాడు అనలేదు. ఎవరు ఎంతకాలం బతుకుతారో నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడను. నా మీద మోపిన నిందల్లో గోరంతలు కొండంతలు చేస్తాడన్నది ఒకటి. అందుకని ముందే చెబుతున్నాను.

నాకు కావలసింది పరిహారం కాదు, ఎవరికీ శిక్షా కాదు. మా అక్క నన్నొక ప్రశ్న అడిగింది. దానికి నా నోటితో చెప్పిన జవాబు ఆవిడ నమ్మదు. ఆ రోజు అక్కడ నిలబడ్డ ఇంకొక తెలుగు పెద్దమనిషి వచ్చి చెబితే నమ్ముతుంది. ఆయన చెప్పడు. సంగతి ఇంతే.

మాది చికాకోలు వైపు. కళింగపట్నంలో ఓడెక్కి రంగం వచ్చినవాళ్లం. మా బావ పజుండాంగు వాగు ఒడ్డున బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. నేను జెట్టీలో సరుకు దింపేటప్పుడు లెక్క చూసే గుమాస్తాని. అక్కా, బావా, నేనూ వాగు పక్కన కూలీల బారకాసులో ఒక గదిలో ఉండేవాళ్లం. కిటికీ లోంచి చూస్తే వాగు, దాని అవతల తాకేటా వైపు వరిపొలాలు. కిటికీ తెరిస్తే ఇంట్లోకి గాలి కంటే మిల్లు ఊకదుమ్మే ఎక్కువ వచ్చేది.

నాకు కాస్త చదువుంది, కాస్త ఇంగ్లీషు వచ్చు. బస్తా చిరిగింది, సరుకు తడిసింది, తూకం తగ్గింది, ఈ మాటలకి సరిపోయే ఇంగ్లీషు. మనిషి లోపల ఏమవుతోందో చెప్పే ఇంగ్లీషుతో జెట్టీలో పని పడదు. ఆ కాస్త ఇంగ్లీషునే బావ పదిమందిలో ఎగతాళి చేసేవాడు. "మా బామ్మర్దికి దోమ కుట్టినా పిటీసను రాస్తాడు, దోమకి ఇంగిలీసు రాదు గానీ" అనేవాడు. నవ్వితే గది అదిరేది. అంత ఛాతీ ఆయనది.

మొదట పడవకీ ఒడ్డుకీ మధ్య వేసిన బల్ల మీద బస్తాతో ఎక్కుతూ సగంలో ఆగడం మొదలుపెట్టాడు. వెనకవాళ్లు తిట్టేవారు. తర్వాత ఉత్త చేతులతో ఎక్కినా ఆగేవాడు. తర్వాత మిల్లు నుంచి గదికి వచ్చే దారిలో టీ దుకాణం దగ్గర, టీ కోసం కాదు, ఊపిరి కోసం కూర్చునేవాడు. పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి, వేలు తీశాక కూడా గుంట అలాగే ఉండేది. ఊకదుమ్ము పట్టిందని ఒకరు, రంగం నీళ్లు పడలేదని ఒకరు, నీరు దిగిందని ఒకరు అన్నారు.

ఆ తర్వాత పడుకోవడం పోయింది. వెల్లకిలా పడుకుంటే కాసేపటికి దిగ్గున లేచి కూర్చునేవాడు. నోరు తెరిచి, భుజాలు పైకెత్తి, నీళ్లలోంచి పైకి తేలినవాడిలాగా గాలి లాక్కునేవాడు. ఒళ్లంతా చెమట. కూర్చుని కాళ్లు కిందికి వేలాడేస్తే మెల్లగా సర్దుకునేది. మళ్లీ పడుకుంటే మళ్లీ అదే.

దీనికి మా వైపు ఉన్నది ఒకటే మాట, ఆయాసం. పరుగెత్తినవాడికి వచ్చేదీ ఆయాసమే, ఉబ్బసం మనిషికి వచ్చేదీ ఆయాసమే. మా అక్క పొయ్యి దగ్గర నుంచి "ఒరే, మీ బావకి ఆయాసం ఎక్కువైనాది" అని కేకేస్తే నేను వెళ్లి ఆయన్ని లేపి కూర్చోబెట్టేవాణ్ణి. ఆ మాటకి అలిసిపోయాడని ఆ ఇంట్లో ఎవరూ అర్థం చేసుకునేవారు కాదు. అలుపుకి మా దగ్గర అలుపనే మాట ఉంది.

అక్క ఒక గోనెసంచిని రెండుగా మడిచి, మిల్లు ఊక కూరి, ఎత్తయిన దిండు కుట్టింది. గోడకి ఆనించి, దాని మీద వీపు వాలిస్తే బావకి కునుకు పట్టేది. ఆ దిండు చూసి మొదటి రోజు ఆయన ఏమన్నాడో నాకు బాగా గుర్తుంది.

"ఓలి, ఇది దిండేటే, బస్తా! పగలంతా దీన్నే మొయ్యి, ఇంటికొస్తే దీన్నే కావిలించుకో. ఈ జనమకి నన్ను బస్తా వొదల్దు."

"వొదిలేస్తే తొంగోలేవు. నోరుమూసుకుని కూకో," అంది అక్క.

ఆ ఊక దిండు సంగతి గుర్తుపెట్టుకోండి. మనిషిని పడుకోనివ్వకూడదని మాకు ఏ డాక్టరూ చెప్పలేదు. ఆయన ఒళ్లే చెప్పింది. మేము విన్నాం.

ధర్మాసుపత్రి మన వర్తకుల చందాలతో నడిచేది. పేరు చెప్పను. అక్కడి డాక్టరుకి తెలుగు రాదు. రోగుల్లో సగం మంది మనవాళ్లే. అందుకని కొన్ని ఉదయాలు ఒక వర్తక కుటుంబపు పెద్దమనిషి వచ్చి, మన మాటలు డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పేవారు. ఊరికే చేసేవారు, సేవగా. కాదనను. గోదావరి వైపు కుటుంబం, కాలేజీ చదువు, ఇస్త్రీ కోటు, జేబులో గొలుసు గడియారం. పఠనమందిరంలో మాతృభాష మీద ఉపన్యాసాలిచ్చేవారు. నేను కూడా రెండుమూడు విన్నాను. ఒకదానికి చప్పట్లు కూడా కొట్టాను. ఆ చప్పట్లు నాకు ఇంకా బాకీ ఉన్నట్టే లెక్క.

వరండాలో వరుసలో నిలబడితే మా వంతు వచ్చింది. బావ ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. డాక్టరు ఏదో అడిగాడు. పెద్దమనిషి బావ వైపు చూడకుండానే, "ఏమిటి నీ బాధ?" అన్నారు.

"తొంగుంటే ఆయాసం వొస్తంది బాబూ. కూకుంటే నిమ్మళంగుంటాది."

పెద్దమనిషి మూతి చివర నవ్వారు. డాక్టరు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు. ఆ ఇంగ్లీషు నాకు అర్థమైంది. పడుకుంటే ఇతను టైర్డ్ అయిపోతాడట. కూర్చుంటే బాగుంటాడట.

డాక్టరు కలం కింద పెట్టి నవ్వాడు. అలాగైతే నిలబెడితే ఇంకా బాగుంటాడు, బస్తా ఎత్తితే పూర్తిగా నయమైపోతాడు అని ఏదో అన్నాడు. నర్సు నవ్వింది. పెద్దమనిషి నవ్వారు. అందరూ నవ్వుతున్నారు కదా అని, మర్యాదకి, మా బావ కూడా నవ్వాడు. తన మీదేనని తెలియదు పాపం. నవ్వితే దగ్గు వచ్చి, దగ్గు ఆగక, పీట అంచు పట్టుకుని వంగిపోయాడు.

నేను ముందుకి వెళ్లాను. "టైర్డ్ కాదు బాబూ, ఆయాసం."

"ఆయాసమంటే అలసటే. ఏ నిఘంటువైనా తీసి చూడు."

"మేము ఆయాసమంటే ఊపిరి అందకపోవడం బాబూ. పడుకుంటే ఊపిరి అందదు ఆయనకి."

"మీ వైపుది ఒక తెలుగా! ఏటి, గీటి... తెలుగు నీ దగ్గర నేర్చుకోవాలా నేను?"

ఈ మాట వరుసలో ఉన్నవాళ్లందరూ విన్నారు. మా వైపువాళ్లే చాలామంది. ఒక్కడూ నోరు విప్పలేదు. వాళ్ల ముఖాలు కూడా నాకు గుర్తున్నాయి.

నేను డాక్టరుకే చెప్పాలనుకున్నాను. ఊపిరి అందకపోవడాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు. "నో టైర్డ్, సార్" అన్నాను. ఆ తర్వాత మాట దొరక్క, చేసి చూపించాను. నోరు తెరిచాను. భుజాలు ఎగరేశాను. ఎండలో కుక్కలాగా రొప్పాను. వరండా అంతా గొల్లుమంది. డాక్టరు ముఖం ఎర్రబడింది. తనని వెక్కిరిస్తున్నాననుకున్నాడు. "ఇది నాటకశాల కాదు" అన్నారు పెద్దమనిషి. నన్ను మోచెయ్యి పట్టి బయటికి పంపించారు.

బావని చేర్చుకున్నారు. మిల్లు పనిమనిషి, ఒళ్లు అలిసింది, కాళ్లలోకి నీరు దిగింది, కాబట్టి కదలకుండా పడుకోబెట్టాలి, కాళ్లు ఎత్తులో ఉంచాలి. ఇదీ డాక్టరు చెప్పింది. డాక్టరుని నేను అంతగా అనను. ఆయన చెవిలో పోసిన మాటకి ఆ వైద్యమే సరి. పాదాల వైపు మంచంకోళ్ల కింద ఇటుకలు పెట్టారు. పాదాలు పైకి లేచాయి, తల పల్లంలో పడింది. అక్క కుట్టిన ఊక దిండు బయటి సామానని, నల్లులుంటాయని మంచం కిందికి తోసేశారు.

వార్డులో జవాను మా వైపు మనిషే. నడివయసువాడు, బొజ్జ. ఉదయం నవ్వు అతనిదాకా అప్పుడే పాకింది. బావ లేచి కూర్చున్నప్పుడల్లా వచ్చి భుజం పట్టి వెనక్కి వాల్చేవాడు.

"ఏటి బావా, తొంగుని తొంగుని అలిసిపోనావేటి?"

చుట్టుపక్కల మంచాలవాళ్లు నవ్వేవారు. చెడ్డవాడని అనను. సొంత చుట్టాన్ని ఆటపట్టించినట్టే అనేవాడు. బీడీ కూడా ఇవ్వబోయాడు. కాని ఒక రోజు నేను అతన్ని పక్కకి పిలిచి అడిగాను. "నువ్వూ మా వైపోడివే. ఆయాసమంటే ఏటో నీకు తెల్దేటి?"

అతను ఇటూ అటూ చూశాడు. "నాకు తెల్దేట్రా! మా యమ్మ ఆయాసంతోటే పోనాది."

"మరి సెప్పవేటి డాక్టరుకి?"

"బాబుగోరు ఒకటి సెప్పినాక నాను ఇంకోటి సెప్తానేటి? నా ఉద్దోగం ఊడుద్ది, మీ బావ మంచం ఊడుద్ది. ఊరుకో."

తనకి పుట్టుకతో తెలిసిన అర్థాన్ని ఆ మనిషి అలా మింగేసి, పెద్దమనిషి చెప్పిన అర్థం ప్రకారం ఉద్యోగం చేశాడు.

బావ మాట్లాడడం తగ్గింది. వాక్యం మధ్యలో ఆగి గాలి లాక్కుని, మిగతాది చెప్పేవాడు. ముఖం వాచి, పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. నేను వెళ్లిన ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే... ఆ ఇటకలు... ఇటేపు ఎట్టమని సెప్పరా."

"ఏటేపు బావా?"

"తలకాడ. కాల్లకేటి... అవెక్కడుంటే ఏటి. ఊపిరి ఇక్కడుంది." ఛాతీ మీద కొట్టుకున్నాడు. తర్వాత కొంచెం నవ్వి, "పిటీసను రాయి," అన్నాడు. ఎగతాళే. కాని ఆ ఎగతాళి వెనకాల బతిమాలడం ఉంది. ఆయన నన్ను దేనికీ బతిమాలినవాడు కాదు.

నేను నర్సుని అడిగాను, డాక్టరు చెప్పాలంది. డాక్టరు గది తలుపు దగ్గర నిలబడ్డాను, నన్ను చూసి ఆయన, రొప్పే మనిషి వచ్చాడన్నాడు. జవాను సర్దిచెప్పి పంపేశాడు. అక్కడ నుంచి తిన్నగా పఠనమందిరానికి వెళ్లాను. పెద్దమనిషి సభలో అధ్యక్షత వహిస్తున్నారు. చెప్పులు విడిచేచోట నిలబడి సభ అయ్యేదాకా చూశాను. ఆయన బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటూ ఉంటే, "బాబూ, ఒక్క మాట, ఇటుకలు తల వైపు..." అన్నాను.

"ఆసుపత్రి విషయాలు ఆసుపత్రిలో మాట్లాడాలి," అన్నారు. పక్కనున్నవాళ్లతో, "ఈయనే మనకి తెలుగు నేర్పుతానన్న ఆయన," అని పరిచయం చేశారు. వాళ్లు నాకు నమస్కారం పెట్టారు. ఎలా పెట్టారో ఊహించుకోండి.

ఆసుపత్రిలో చూడ్డానికి మధ్యాహ్నం గంట కొట్టాకే లోపలికి వదిలేవారు. మర్నాడు నేనూ అక్కా గంటకి చాలా ముందే గేటు దగ్గరికి వెళ్లాం. అక్క చారన్నం గిన్నె కొంగు కింద పెట్టుకుంది. వాన పడుతోంది. గేటు జవానుతో నేను గొడవపడ్డాను. అక్క వద్దంది. "నివ్వు అరిస్తే లోపలున్నోడికి తిండి ఎట్టరు," అంది. గంట కొట్టారు.

మంచం మీద పరుపు మడిచి ఉంది. ఇటుకలు కాళ్ల వైపే ఉన్నాయి. ఊక దిండు మంచం కిందే ఉంది. పక్క మంచం మీద మిల్లు మనిషొకడు, కాలు విరిగి పడుకున్నవాడు, మమ్మల్ని చూసి ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. అలా తిప్పుకునే చెప్పాడు.

"అన్నాలయ్యాక అందర్నీ తొంగోమన్నారు. కూకుంటానన్నాడు. తొంగోబెట్టినారు. మల్లీ లేసినాడు. మల్లీ తొంగోబెట్టినారు. ఆ పైన లేవనేదు."

అక్క ఏడవలేదు, అప్పుడు కాదు. మంచం చుట్టూ తిరిగి వచ్చింది. ఇటుకలు చూసింది. వంగి దిండు బయటికి లాగింది. అది చంకన పెట్టుకుని, నా వైపు తిరిగి అడిగింది.

"ఒరే, తొంగుంటే ఆయాసమని నివ్వు డాక్టరుకి సెప్పనేదేట్రా?"

"చెప్పాను అక్కా."

"సెప్తే ఇటకలు కాల్లకాడ ఏల ఎడతారు?"

నా ఇంగ్లీషు గురించి ఆ గదిలో ఇన్నాళ్లూ నేను చెప్పుకున్న గొప్పలన్నీ ఆవిడకి గుర్తున్నాయి. "నీ ఇంగిలీసులో ఏటి సెప్పినావో, ఏటో," అంది.

చెప్పింది నేను కాదు, వర్తకబాబు అన్నాను. అంత చదివినాయన తప్పు చెబుతాడా అంది. తెలుగాయనే కదా, ఆయాసమంటే తెలియదా అంది. ఇప్పటికీ ఆవిడ అనేది అదే. ఆవిడ లెక్కలో తప్పు లేదు. తెలుగు పుట్టుక పుట్టినవాడికి ఆయాసం తెలియకుండా ఎలా ఉంటుంది? కాబట్టి అబద్ధమాడుతున్నది తమ్ముడు. వంట చేసిపెడుతుంది, జ్వరమొస్తే కషాయం కాస్తుంది, పలకరిస్తే పలుకుతుంది. ఆ ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నన్ను వేరే ఎవరినో చూసినట్టు చూస్తుంది.

కొంతకాలం నేను ఇంకోలా అనుకుని సమాధానపడ్డాను. నిజంగానే ఆ పెద్దమనిషికి తెలియదేమో. నిఘంటువుల చదువు చదివినవాడు, మా మాట ఎరగడేమో. తెలియక చెప్పినవాణ్ణి ఎంతకాలం తిడతాం?

ఆ మరుసటి వానల్లో మా కంపెనీ తరఫున లమ్మడాలో ఆయన ఇంటికి వెళ్లవలసి వచ్చింది. ఓడలో ఆయన చింతపండు బస్తాలు తడిశాయి, ఆ కబురు చెప్పాలి. కింద కొట్టు, పైన కాపురం. మెట్లెక్కి గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఎప్పటిలాగే, కూర్చోమనలేదు.

లోపల మంచం మీద ఆయన తల్లి. పెద్దావిడ. ఇద్దరు ఆడవాళ్లు వెనక పట్టుకుంటే కూర్చుని ఉంది. నోరు తెరిచి ఉంది, భుజాలు లేస్తున్నాయి. పాదాలు వాచి ఉన్నాయి. పక్కనే ఒక బర్మా డాక్టరు, సయా అని పిలుస్తున్నారు అందరూ, ఆవిడ ఛాతీ మీద గొట్టం పెట్టి వింటున్నాడు.

"ఆయాసంరా నాయనా," అంది ఆవిడ. "పడుకోలేకపోతున్నా. పడుకుంటే ఆయాసం."

అచ్చంగా అదే మాట. తొంగోవడం బదులు పడుకోవడం, అంతే తేడా.

కొడుకు ఒక్క క్షణం ఆలోచించలేదు. నిఘంటువు తియ్యలేదు. డాక్టరు వైపు తిరిగి, గబగబా, స్పష్టంగా, షార్ట్ ఆఫ్ బ్రెత్ అన్నారు. పడుకుంటే ఊపిరి అందడం లేదని చెప్పారు. ఆసుపత్రిలో నేను వెతికి వెతికి దొరకని మాట ఆయన నాలుక చివరే ఉంది.

సయా ఇంగ్లీషులో నిదానంగా చెప్పాడు, నాకు కూడా అందేంత నిదానంగా. గుండె బలహీనపడింది, రక్తాన్ని నెట్టవలసినంత నెట్టడం లేదు. అందుకే కాళ్లలో నీరు. ఇలాంటివాళ్లని వెల్లకిలా పడుకోబెడితే ఆ నీరు పైకి మళ్లి ఊపిరితిత్తుల్లో చేరుతుంది, లోపల మునిగినట్టే అవుతుంది. ఒక్క నిమిషం కూడా పల్లంగా పడుకోబెట్టొద్దు. కాళ్ల వాపు చూసి కాళ్లెత్తడం అసలే వద్దు. వీపుకి దిళ్లు పెట్టండి. మంచం తల వైపు ఎత్తు చెయ్యండి.

పెద్దమనిషి చుట్టూ చూశారు. గుమ్మంలో నేను కనపడ్డాను.

"ఏమోయ్, కింద పెరట్లో ఇటుకలున్నాయి. గబుక్కున రెండు పట్రా."

తెచ్చాను. ఆ మెట్లు నేను ఎలా దిగానో, ఎలా ఎక్కానో నాకు తెలియదు. నలుగురూ మంచం ఎత్తి పట్టుకుంటే వంగి, తల వైపు, ఈ కోడు కింద ఒకటి, ఆ కోడు కింద ఒకటి పెట్టాను. కదిపి చూశాను, గట్టిగా కుదిరాయి. ఆవిడని దిళ్ల మీద వెనక్కి వాల్చారు. కాసేపటికి భుజాలు దిగాయి. ఊపిరి కుదుటపడుతున్న చప్పుడు నాకు తెలుసు, మా గదిలో చాలాసార్లు విన్నాను. ఆవిడ నన్ను చూసి, "చల్లగా ఉండు బాబూ," అంది. ఆవిడ మీద నాకేమీ లేదు. ఆవిడ అన్న ఆ మాట తీసుకున్నాను.

డాక్టరు వెళ్లాక, మెట్ల మీద పెద్దమనిషి తడిసిన బస్తాల సంగతి అడిగారు. చెప్పాను. ఆ తర్వాత అడిగాను.

"బాబూ, ఆయాసమంటే అలసట కదా?"

ఆయన నన్ను అప్పుడు సరిగా చూశారు. "ఎవరు నువ్వు?"

చెప్పాను. బావ, పీట, టైర్డ్, ఇటుకలు, పఠనమందిరం చెప్పులచోటు, అన్నీ చెప్పాను. ఆయన జేబులోంచి గడియారం తీశారు, మూత తెరవలేదు, మళ్లీ పెట్టేశారు.

"రోజుకి ఎంతమందికి చెబుతాను నేను. గుర్తుండదు. మా అమ్మ సంగతి వేరు."

"మాట ఒకటే బాబూ."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"ఏమీ వద్దు. ఒకసారి మా గదికి వచ్చి మా అక్కకి చెప్పండి. నీ తమ్ముడు ఆయాసమనే చెప్పాడు, నేను ఇంకోలా చెప్పాను అనండి. చాలు."

"చూద్దాం," అన్నారు. పైకి వెళ్లిపోయారు.

ఆ చూద్దాం ఇంకా అవలేదు. తామ్వేలో ఒక పెళ్లిలో కనపడితే అడిగాను, చూద్దాం అన్నారు. రేవులో కనపడితే అడిగాను, ఎండగా ఉంది తర్వాత చూద్దాం అన్నారు. మాతృభాష సభలో నేను వెనక వరుసలోంచి లేచి, అధ్యక్షులవారు ఆయాసమనే మాటకి అర్థం సెలవివ్వాలి అన్నాను. ఈసారి నవ్విన నవ్వు అప్పటి ఆసుపత్రి నవ్వుకంటే పెద్దది. కార్యకర్తలు నన్ను సోడా తాగిస్తామని బయటికి తీసుకెళ్లారు. సోడా నిజంగానే తాగించారు. ఆ రోజు నుంచి జెట్టీలో నన్ను ఆయాసం గుమాస్తా అంటారు. అననివ్వండి. ఆ మాట అర్థం ఏమిటో తెలుసుకునే అంటున్నారు కదా.

ఆయన సంస్కారం గలవారని, ఎన్నో సేవలు చేశారని, ఇంత చిన్న విషయానికి వెంటపడతానేమిటని నాకు చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు నేను మరిచిపోలేదు, ఇక్కడ రాయడం లేదు అంతే. చిన్న విషయమే అయితే చెయ్యడానికి అంత కష్టమేమిటి? లమ్మడా నుంచి మా వాగు గట్టుకి గుర్రబ్బండి దొరుకుతుంది. మా గది మెట్లు ఆయన ఇంటి మెట్లకంటే తక్కువే.

ఊక దిండు ఇప్పటికీ మా గోడకి ఆనించే ఉంది. ఊక అణిగిపోతే అక్క మళ్లీ కూరుతుంది. దాని మీద ఎవరూ ఆనుకోరు. మొన్న నేను దగ్గుతూ దాని దగ్గర కూర్చుంటే అక్క పొయ్యి దగ్గర నుంచి చూసింది.

"ఆయాసమేట్రా?"

"కాదక్కా, ఉత్త దగ్గు."

"ఆయాసమైతే నాకు సెప్పు. డాక్టరుకి నానే సెప్తాను," అంది.

అంటే నేను సరిగా చెప్పనని. ఇన్నేళ్లయినా అదే.

అయ్యా, మీరు ఇది చదువుతారని నాకు తెలుసు. పఠనమందిరంలో బల్ల మీదికి వచ్చేవి మొదట మీ చేతికే వెళతాయి. చూద్దాం అనకండి. గుర్తు లేదనకండి. నేను గుర్తుచేశాను కదా, పీట దగ్గర నుంచి ఇటుకల దాకా. మా గదికి రండి. మీకు కుర్చీ వేస్తాను, టీ తెప్పిస్తాను. మీ తల్లి అన్నప్పుడు మీకు అర్థమైన మాట మా బావ అన్నప్పుడు ఎందుకు అర్థం కాలేదో నాకు చెప్పకపోయినా పోనివ్వండి. మా అక్క అడిగినదానికి మాత్రం జవాబు చెప్పండి. ఆయాసమని ఆ రోజు నేను చెప్పానా, లేదా?